ఎక్కిళ్ళకు అంటగట్టిన దొంగతనం

నేను రిటైరైన ఉద్యోగం పేరు కౌన్సెలింగ్ సైకాలజిస్టు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డు పక్కన, చుట్టూ చిల్లచెట్లు తప్ప మరేమీ లేని చోట, ఒక యూనివర్సిటీ వాళ్ళ పీజీ కాలేజీలో నాకొక గది ఇచ్చారు. యూనివర్సిటీ పేరు చెప్పను. ఇందులో జరిగినదానికీ దానికీ ఏ సంబంధమూ లేదు, సంబంధమంతా నాకూ మా అటెండరుకూ. ఈ కథలోని అబ్బాయిని అడిగే రాస్తున్నాను. "నా పేరు రాయబాకండి మేడం, ఎక్కిళ్ళు మాత్రం ఎన్నయినా రాసుకోండి" అన్నాడు.

కొత్తగా ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలూ, ముందుగా ఒక సంగతి చెబుతాను. బోర్డు పెట్టగానే ఎవరూ మీ దగ్గరికి రారు. నా గదిలోకి ఒకసారి పోయినవాడికి పిచ్చి అనీ, రెండోసారి పోయినవాడికి ముదిరిందనీ మా కాలేజీలో ప్రచారం ఉండేది. మొదటి ఆరు నెలల్లో నా తలుపు తట్టినవాళ్ళలో ఎక్కువమంది సీతారామపురం బస్సు పోయిందా లేదా అని కనుక్కోవడానికి వచ్చినవాళ్ళే. నేను చదువుకున్న చదువంతా ఆ బస్సుకే ఖర్చయిపోతుందేమో అనుకున్నాను.

గిరాకీ ఎప్పుడు మొదలైందంటే, ఎండలకు తట్టుకోలేక ఇంటి నుంచి ఒక టేబుల్ ఫ్యాను తెచ్చుకున్నాక. మా కాలేజీలో సీలింగ్ ఫ్యాన్లు ఉండేవి గాని, వాటికి తిరగాలన్న పట్టుదల ఉండేది కాదు. నా ఫ్యాను గాలికి పిల్లలు ఒక్కొక్కరే వచ్చి కూర్చునేవాళ్ళు. ఊరికే కూర్చుంటే బాగుండదని ఏదో ఒకటి మాట్లాడేవాళ్ళు. మాట్లాడుతూ మాట్లాడుతూ అసలు సంగతి చెప్పేసేవాళ్ళు. నేను పుస్తకాల్లో నేర్చుకున్న ఏ పద్ధతీ ఆ ఫ్యాను చేసినంత పని చేయలేదు.

అయితే ఆ ఫ్యాను మీద అందరి కన్నూ పడింది. ఏ మీటింగు జరిగినా వచ్చి పట్టుకుపోయేవాళ్ళు, తిరిగి ఇచ్చేటప్పుడు ఇది మాదేనని వాదించేవాళ్ళు. ఒకరోజు మా అటెండరు ఆకురాయి తెచ్చి దాని అడుగున రెండు గాట్లు పెట్టాడు.

"ఏందయ్యా ఇది?" అన్నాను.

"మా పక్క గొర్రెలకు చెవికి పెడతారు మేడం, ఎవరి మందో తెలిసేదానికి. దీనికి చెవులు లేవు గదా, కాలికి పెట్టినా."

ఈ అటెండరు చేజర్ల వైపు మనిషి. వయసులో నాకంటే రెండేళ్ళు పెద్ద. నాకు అటెండరుగా వేశారన్న సంగతి ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. తనే అసలు డాక్టరు, నేను కాగితాలు రాసే మనిషిని అని ఆయన నమ్మకం. బయట బెంచీ మీద కూర్చుని, వచ్చిన ప్రతి విద్యార్థినీ ఆపేవాడు. "ముందు నాకు చెప్పు అబ్బయా. చిన్నదయితే నేనే సర్దుతా, పెద్దదయితే మేడం కాడికి పంపిస్తా." రహస్యం కాపాడటం మన వృత్తికి ప్రాణమని ఆయనకు ఎన్నిసార్లు క్లాసు తీసుకున్నానో లెక్కలేదు. "నేనెవరికి చెప్తా మేడం, నా పెండ్లానికి తప్ప" అనేవాడు.

ఒక వేసవి మధ్యాహ్నం ఆయన ఒక అబ్బాయిని చెయ్యి పట్టుకుని మరీ లోపలికి తెచ్చాడు. "ఇది నా వల్ల కాదు మేడం" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట నేను వినడం అదే మొదలు.

సీతారామపురం దాటి లోపలికి పోతే కొండ కింద ఉండే ఊరు ఆ అబ్బాయిది. గొర్రెలు మేపే ఇల్లు. ఎమ్మెస్సీ జంతుశాస్త్రం. ప్రాజెక్టు పని గొర్రెల కడుపులో పురుగుల మీద. వాళ్ళ నాయన మందలోని గొర్రెల పెంటికలు సీసాల్లో పెట్టుకుని బస్సులో తెచ్చేవాడు. సంచీలో ఏముందో తెలిశాక ఆ బస్సు కండక్టరు అతనికి ఎప్పుడూ చివరి సీటే ఇచ్చేవాడట. చదువులో గట్టివాడే. కానీ నలుగురి ముందు నిలబడి నోరు తెరిస్తే చాలు, ఎక్కిళ్ళు.

"పురుగుల గురించి నాకు తెలిసినంత మా సార్లకు గూడా తెలీదు మేడం. గుంపును చూస్తే మాత్రం గొంతులో కప్ప ఎగరతా ఉండాది" అన్నాడు. నా ఒక్కదాని ముందే రెండు ఎక్కిళ్ళు వచ్చాయి.

ముందు ఏడాది మౌఖిక పరీక్షలో ఇరవై నిమిషాలు ఎక్కిళ్ళే సమాధానాలుగా ఇచ్చాడట. వచ్చిన పరీక్షకుడు మూడు గ్లాసుల నీళ్ళు తాగించి, గైర్హాజరు అని రాయలేక, 'హాజరు, మాట లేదు' అని రాసి వెళ్ళిపోయాడు. ఏడాది పోయింది. ఇంకో రెండు నెలల్లో మళ్ళీ పరీక్ష. ఇది కూడా పోతే చదువు మానేసి బెంగుళూరులో తాపీ పనికి పోతానన్నాడు, పెదనాన్న కొడుకు అప్పటికే అక్కడ ఉన్నాడు. టీసీ కోసం అర్జీ రాసి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. తీసి చూపించాడు. చెమటకు మడతలు చిరిగేదాకా వచ్చాయి.

"మీ నాయనకు చెప్పావా?"

"లేదు మేడం. మా నాయన గొర్రెలకు గూడా చెప్పేసి ఉండాడు, మావాడు లెక్చరర్ అవతాడని."

ఈ అబ్బాయిని ఎలాగైనా ఆ పరీక్ష గదిలో మాట్లాడించాలని ఆ క్షణమే పట్టుబట్టాను.

నేను పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. మొదటి వారం శ్వాస సాధన. కళ్ళు మూసుకో, నెమ్మదిగా పీల్చు, నెమ్మదిగా వదులు. మూడో రోజుకు బాగా కుదిరింది. ఆ అబ్బాయికి కాదు, కిటికీ అవతల వింటున్న మా అటెండరుకు. గురక పెట్టి నిద్రపోయి, మూడో పీరియడు గంట కొట్టడం మరిచిపోయాడు. కాలేజీ అంతా ఒకే పాఠం గంటన్నర విన్నది.

రెండో వారం మెట్టు మెట్టుగా అలవాటు చేయడం. ముందు ప్రాణం లేనిదానితో మాట్లాడాలి, తర్వాత ఒక మనిషితో, తర్వాత ఇద్దరితో. ఫ్యాను ముందు నిలబెట్టి నీ ప్రాజెక్టు గురించి చెప్పమన్నాను. గడగడా మొదలుపెట్టాడు, నిమిషంలో ఆగిపోయాడు.

"ఏమైంది?"

"తల అడ్డంగా ఊపతా ఉండాది మేడం. హిక్. నేను చెప్పేది తప్పంటా ఉండాది."

ఫ్యాను తల తిరగకుండా బిగించి మళ్ళీ మొదలుపెట్టాం. ఫ్యానుతో గెలిచాడు. నాతో గెలిచాడు. నాతో పాటు అటెండరును కూర్చోబెడితే పదో మాటకు ఎక్కిలి. ఇద్దరు స్నేహితులను తెచ్చి కూర్చోబెడితే మూడో మాటకే. ఐదు వారాలు గడిచినా ఆ మెట్టు దాటలేదు.

మా అటెండరు అన్ని రోజులూ మొహం చిట్లించుకుని చూశాడు. చివరికి ఉండబట్టలేక లోపలికి వచ్చాడు.

"మేడం, ఎక్కిళ్ళకు ఇంత పెద్ద చదువు ఎందుకు? మా అవ్వ ఉంటే ఒక్క మాటతో ఆపేసుండు."

"ఏం మాట?"

"దొంగతనం అంటగట్టాల. బిడ్డకు ఎక్కిళ్ళు వస్తే, ఏంరా పక్కింట్లో బెల్లం ఎత్తకపోయినావంట అని గట్టిగా అడగాల. నేను తియ్యలేదే అని ఉలిక్కిపడతాడు. ఆడికి ఆగిపోతాది."

చిన్నప్పుడు మా ఇంట్లోనూ చేసేవాళ్ళు. నాకు తెలియని సంగతేమీ కాదు. కానీ అటెండరు ముందు ఒప్పుకోవడానికి నా చదువు అడ్డం వచ్చింది. భయపెట్టడం వైద్యం కాదనీ, మనసు మీద దెబ్బ పడుతుందనీ పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన అంతా విని, నా ముందే ఆ అబ్బాయి వైపు తిరిగి, "ఏంరా, నా చెప్పులు ఎత్తకపోయినావంట?" అన్నాడు. ఆ అబ్బాయి ఆయన కాళ్ళకున్న చెప్పులు చూసి నవ్వాడు. నవ్వుతూనే ఎక్కిలి పెట్టాడు.

"ముందే తెలిసిపోతే పనిచెయ్యదు మేడం" అన్నాడు అటెండరు, మందు తప్పు కాదు రోగి తప్పు అన్నట్టు.

పరీక్ష రోజు వచ్చింది. పరీక్షకుడు పెద్ద ఊరి నుంచి వచ్చాడు. పొడుగాటి మనిషి, దిగీ దిగగానే రోడ్డు గురించి, ఎండ గురించి, చట్నీలో కారం గురించి కోప్పడ్డాడు. కాస్త చల్లబడతారని ఆయన్ను ఫ్యాను ఉన్న నా గదిలో కూర్చోబెట్టారు. తన ఫోను నా బల్ల మీద చార్జింగు పెట్టుకున్నాడు. టీ తాగుతుండగా ఒకసారి మోగింది. అచ్చం కోడిపుంజు కూసినట్టే కూత. నేను ఉలిక్కిపడి టీ ఒలకబోసుకున్నాను. "పొద్దున్నే లేవడానికి పెట్టుకున్నాను, అదే ఉండిపోయింది" అని, ఫోను వైరు ఊడదీసి బల్ల మీదే పెడుతూ ఆయన మొదటిసారి కాస్త నవ్వాడు.

పదకొండు గంటలకు గంట కొట్టారు. నేను బల్ల మీది నా ఫోను హ్యాండుబ్యాగులో వేసుకుని పరీక్ష గదికి నడిచాను. జంతుశాస్త్రం హెడ్ సారును బతిమాలి ఒక మూల కూర్చునే అనుమతి తెచ్చుకున్నాను. "మీరు నోరు తెరిస్తే బయటికి పంపించేస్తాను" అన్నారాయన. ఆ అబ్బాయి ఇస్త్రీ చొక్కాతో వచ్చి నిలబడ్డాడు. జేబులో ఆ అర్జీ కాగితం కొస కనిపిస్తోంది.

"మీ ప్రాజెక్టు గురించి చెప్పండి" అన్నాడు పరీక్షకుడు.

"గుడ్ మార్నింగ్ సార్. నా ప్రాజెక్టు, హిక్."

"ఊఁ."

"గొర్రెల, హిక్, జీర్ణ, హిక్."

పరీక్షకుడు గడియారం చూసుకున్నాడు. హెడ్ సారు నా వైపు చూశారు, ఇందుకేనా రెండు నెలలు పట్టింది అన్నట్టు. నేను దూరం నుంచే నెమ్మదిగా గాలి పీల్చి చూపించాను. ఆ అబ్బాయి కూడా పీల్చాడు. వదిలేటప్పుడు వరసగా నాలుగు ఎక్కిళ్ళు వచ్చాయి. ఆ తర్వాత అతని చెయ్యి జేబు దగ్గరికి పోయింది. కాగితం తీయబోతున్నాడు.

అప్పుడే మా అటెండరు టీ కప్పులు తీసుకుపోవడానికి వచ్చాడు. గుమ్మంలో ఆగి నా వైపు చూశాడు. ఆయన ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. పిల్లలూ, నేను తల ఊపాను. నా సర్వీసు మొత్తంలో చదువుకున్నదంతా పక్కన పెట్టి చేసిన పని అదొక్కటే.

అటెండరు ట్రే బల్ల మీద దబ్బున పెట్టాడు.

"ఏంరా! సారు సెల్‌ఫోను ఎత్తకపోయినావంట? సారు పొద్దుట్నించీ వెతకతా ఉండాడు!"

ఆయన లెక్క ప్రకారం అక్కడితో ఎక్కిళ్ళు ఆగాలి, అందరూ నవ్వుకోవాలి, పరీక్ష సాగాలి. కానీ పరీక్షకుడు జేబులు తడుముకున్నాడు. పైజేబు, పక్కజేబు, వెనకజేబు. లేచి నిలబడ్డాడు.

"నిజమే! నా ఫోనేది? తలుపులు వెయ్యండి! ఎవరూ కదలకండి!"

అటెండరు మొహంలో నెత్తురు లేదు. ఎక్కిళ్ళ కోసం అబద్ధం ఆడితే అది కళ్ళ ముందే నిజమై కూర్చుంది. నా గదిలో బల్ల మీద చూడమని చెప్పడానికి నేను నోరు తెరవబోయాను. ఆ అబ్బాయి నాకంటే ముందే తెరిచాడు.

"నేను దొంగనా సార్?"

మాట ఎక్కడా తెగలేదు. అతని మొహం చూశాక నాకు సిగ్గేసింది. లేనివాళ్ళ పిల్లవాడి మీద, పరాయి ఊరి పెద్దమనిషి ముందు వెయ్యాల్సిన నింద కాదు అది. బెల్లం దగ్గర ఆగాల్సిన ఆటను మేము ఎక్కడికో తీసుకుపోయాం.

"మా నాయన ఎనభై గొర్రెలు మేపతాడు సార్. పక్క మందలోది ఒక్క పిల్ల మా మందలో కలిస్తే, చెవి పట్టుకుని గాటు చూస్తాడు. మా గాటు ఎడమ చెవికి రెండు. అది కాకపోతే, యాడ ఉన్నా, ఎంత పొద్దుపోయినా, భుజాన వేసుకుని నడిచిపోయి అప్పజెప్పి వస్తాడు. నేను ఆయన కొడుకును. మీ ఫోను నాకెందుకు సార్? నా సంచీ వెతుక్కోండి. సీసాలు ఉంటాయి, సీసాల్లో పెంటికలు ఉంటాయి. అంతే!"

ఒక్క ఎక్కిలి లేదు. పరీక్షకుడు అతన్నే చూస్తూ నిలబడ్డాడు. నిజం చెప్పే మొహాన్ని ఆయన కూడా గుర్తుపట్టినట్టున్నాడు. నెమ్మదిగా కూర్చున్నాడు.

"ఎనభై గొర్రెలకూ గాటు ఒకటేగా. మరి ఏ సీసాలోది ఏ గొర్రెదో నీకెలా తెలుసు?"

"పన్నెండు గొర్రెలకు మెడలో రంగు దారాలు కట్టినా సార్. ఒక్కోదానికి ఒక్కో రంగు."

"దారం తెగిపోతే?"

"తెగలేదు సార్. ఎర్రదారం గొర్రె మెడలోది పచ్చదారం గొర్రె నమిలేసింది. దారం పోయినదాన్ని మొహం చూసి గుర్తుపట్టినా."

"గొర్రె మొహం గుర్తుపడతావా?"

"మీ క్లాసు పిల్లల మొహాలు మీరు గుర్తుపట్టరా సార్?"

"అందరివీ పట్టను" అన్నాడు పరీక్షకుడు నిజాయితీగా. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

ఇక ఇరవై నిమిషాలు ఆ గదిలో పురుగులు తప్ప వేరే మాట లేదు. వానాకాలంలో ఎన్ని గుడ్లు పెడతాయి, ఏ మేతతో తగ్గుతాయి, మందు ఎప్పుడు తాగించాలి. ఆ అబ్బాయి కోపంగానే మొదలుపెట్టాడు, కోపం ఎక్కడ దిగిపోయిందో అతనికే తెలియలేదు. చేతులు తిప్పుతూ, బల్ల మీద సుద్దముక్కతో పురుగు బొమ్మ గీస్తూ, పరీక్షకుడు తప్పు చెబితే సరిదిద్దుతూ. హెడ్ సారు మధ్యలో ఏదో అడగబోతే పరీక్షకుడే చెయ్యి అడ్డం పెట్టి, "ఉండండి, చెప్పనివ్వండి" అన్నాడు. నేను మూల కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

చివరికి పరీక్షకుడు తృప్తిగా మార్కులు వేసి, "ఆ బొమ్మ బాగుంది, ఒక ఫోటో తీసుకుంటాను" అని జేబులో చెయ్యి పెట్టాడు. మళ్ళీ మొహం మారింది. ఫోను!

హెడ్ సారు వెంటనే తన ఫోను నుంచి ఆయన నంబరు కొట్టారు.

కోడి కూసింది. నా ఒళ్ళో కూసింది.

అందరూ నా వైపు తిరిగారు. నేను హ్యాండుబ్యాగు వైపు చూశాను. అది ఇంకోసారి కూసింది. తీసి చూస్తే నా ఫోనుకున్నట్టే నల్ల కవరు, కానీ ఫోను నాది కాదు. నాది నా గదిలో, బల్ల మీద, టీ కప్పు వెనక భద్రంగా ఉంది. బుర్ర ఎక్కడో పెట్టుకుని ఆయన ఫోనును నేనే బ్యాగులో వేసుకుని వచ్చాను.

మా అటెండరు నెమ్మదిగా అన్నాడు. "మేడంకి ఎక్కిళ్ళు లేవే. ఆమె ఎందుకు ఎత్తినట్టు?"

ముందు నవ్వింది పరీక్షకుడే. పొద్దున్నుంచీ దాచుకున్న నవ్వంతా ఒక్కసారి నవ్వాడు. అటెండరు గోడకు ఆనుకుని, జరిగిందంతా, వాళ్ళ అవ్వతో సహా, ఒప్పేసుకున్నాడు. నేను తల ఊపిన సంగతి కూడా దాచలేదు. నా రహస్యం మాత్రం ఎందుకు కాపాడతాడు!

సాయంత్రం ఆ అబ్బాయిని గదికి పిలిచి క్షమాపణ చెప్పాను. అటెండరు కూడా పక్కన నిలబడి నేల చూపులు చూశాడు. "నిజంగానే అన్నారనుకున్నా మేడం. కడుపు మండిపోయింది" అన్నాడు. తర్వాత, "అంత కోపంలో ఎక్కిళ్ళు పెట్టేదానికి తీరిక యాడుంటది" అన్నాడు. అప్పటికి ముగ్గురం నవ్వగలిగాం. జేబులోని అర్జీ తీసి బల్ల మీద పెట్టి, సీతారామపురం బస్సు హారన్ వినిపించేసరికి పరుగెత్తాడు. ఆ కాగితాన్ని అటెండరు ఎనిమిది మడతలు పెట్టి నా బల్ల కుంటికాలి కింద తోశాడు. నేను ఉన్నన్నాళ్ళూ అది అక్కడే ఉంది, బల్ల మళ్ళీ ఊగలేదు.

పిల్లలూ, ఈ వైద్యం మీరు చేయకండి. ఆ రోజు ఫోను దొరికింది కాబట్టి కథ అయింది. దొరక్కపోయి ఉంటే ఆ అబ్బాయి దొంగ అనే పేరుతో బెంగుళూరు బస్సెక్కేవాడు, ఎక్కించినదాన్ని నేనే అయ్యేదాన్ని. ఆ అబ్బాయికి మాట నా దగ్గర దొరకలేదు, వాళ్ళ నాయన మందలోనే ఉంది. ఐదు వారాల్లో నేను ఒక్కసారైనా మీ నాయన గురించి చెప్పమని అడిగి ఉంటే ఏ దొంగతనమూ అవసరమయ్యేది కాదేమో. నేను ఫ్యానుకు పురుగుల గురించి చెప్పించాను.

నా పదవీ విరమణ రోజు సభ పెట్టారు. మా అటెండరు అప్పటికే రిటైరయ్యాడు, చేజర్ల నుంచి ఇస్త్రీ పంచెతో వచ్చి, గంట తనే కొడతానని పేచీ పెట్టి మరీ కొట్టాడు. నన్ను మాట్లాడమన్నారు. వందల మంది పిల్లలకు నలుగురిలో మాట్లాడటం నేర్పినదాన్ని, మైకు ముందు నిలబడ్డాను. ఎదురుగా ఆ మొహాలన్నీ చూసేసరికి ఏడుపొచ్చింది. ఏడుపు మింగబోతే ఎక్కిలి వచ్చింది. ఒకటి, రెండు, మూడు. మైకు ఒక్కోదాన్నీ పెద్దది చేసి రోడ్డు దాకా వినిపిస్తోంది. ఎవరో నీళ్ళు తెచ్చారు. నాలుగు, ఐదు.

చివరి వరసలో ఒకతను లేచి నిలబడ్డాడు. ఉదయగిరిలో జూనియర్ కాలేజీ లెక్చరరు, పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాడు. క్లాసులో చెప్పీ చెప్పీ గట్టిపడిన గొంతుతో, సభంతా అదిరేట్టు అడిగాడు.

"ఏంది మేడం! పోతా పోతా కాలేజీ ఫ్యాను ఎత్తకపోతా ఉండారంట?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటి నుంచి తెచ్చుకున్న నా ఫ్యానును పట్టుకుని!

"దొంగతనం నాకెందుకురా అబ్బయా? కాలికి రెండు గాట్లు ఉండాయి, పోయి చూసుకో, అది నాదే!" అని మైకులో అరిచాను.

గంట దగ్గరి నుంచి మా అటెండరు చెయ్యెత్తి, "నేనే పెట్టినా!" అని సాక్ష్యం చెప్పాడు. సభంతా నవ్వుతోంది. ఎక్కిళ్ళు ఆగిపోయిన సంగతి నేను ఇంటికి పోయాక, ఫ్యాను ముందు కూర్చున్నప్పుడు గమనించాను.